ఇసుక నేలే ప్రయోగశాల



ఈ పేజీ చదవడం రెండు నిమిషాలు ఆపండి. నోటు పుస్తకం తీసి చీమ బొమ్మ ఒకటి గీయండి. పక్కవాళ్ల పుస్తకంలోకి తొంగి చూడకూడదు. చీమను వెదికి, చూసి గీయడం కూడా ఇప్పుడు వద్దు. మీకు గుర్తున్నట్టు గీస్తే చాలు.

గీశారా? అయితే మూడు ప్రశ్నలు. మీ చీమకు ఎన్ని కాళ్లు వేశారు? ఆ కాళ్లు శరీరంలో ఏ భాగం నుంచి బయలుదేరాయి? తల మీది మీసాలు తిన్నగా ఉన్నాయా, మన మోచేతిలా వంగి ఉన్నాయా?

ఇప్పుడు లేచి వెళ్లి, గోడ వారగానో చెట్టు మొదట్లోనో పోతున్న చీమను నిదానంగా చూసి రండి.

మొదటి ప్రశ్నకు మీలో చాలామంది సరిగ్గానే జవాబు చెప్పి ఉంటారు. 'కీటకాలకు ఆరు కాళ్లు' అని చిన్న తరగతుల నుంచీ వల్లె వేస్తున్నదే కదా! తడబాటంతా రెండో ప్రశ్న దగ్గరే. ముందు కాళ్లు తల దగ్గర, వెనక కాళ్లు పొట్ట దగ్గర వేసేవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు. చీమ శరీరంలో తల, ఉరం, ఉదరం అని మూడు భాగాలున్నాయి. ఆరు కాళ్లూ మధ్యనున్న ఉరం నుంచే వస్తాయి. పొట్టకు ఒక్క కాలు కూడా ఉండదు. చీమకే కాదు, ఈగకు, దోమకు, తూనీగకు, మిడతకు, బొద్దింకకు కూడా ఇదే ఏర్పాటు. ఇక మీసాలు. వీటిని మన పుస్తకాల్లో స్పర్శశృంగాలు అంటారు. చీమకు ఇవి మోచేతిలా వంగి ఉంటాయి.

రోజూ మన కాళ్ల దగ్గర తిరిగే జీవి బొమ్మ తప్పుగా వచ్చిందంటే అది తెలివి తక్కువై కాదు. చదివాం గాని చూడలేదు, అంతే. చదివినదాన్ని చూసి, కొలిచి, పోల్చి సరిచూసుకోవడమే సైన్సు. ఆ పనిని పురుగుల సాయంతో ఎలా చెయ్యవచ్చో ఈ నెల తెలుసుకుందాం.

ఇండెంటు అక్కరలేని సామాను

నెల్లూరు తీరంలో, ఇస్కపల్లి, మైపాడు, కృష్ణపట్నం చుట్టుపక్కల ఊళ్లలో, చదువుకునే పిల్లలకు ఒక సంగతి బాగా తెలుసు. సముద్రపు గాలిలో ఉప్పూ తేమా రెండూ ఉంటాయి. ఇనుప తలుపులు తుప్పు పడతాయి, సైకిలు గొలుసు తుప్పు పడుతుంది. బడి బీరువాలో ఉన్న సూక్ష్మదర్శిని మరలు కూడా బిగుసుకుపోతాయి. కటకాలకు బూజు పడుతుంది. అసలు సూక్ష్మదర్శినే లేని బడులూ ఉన్నాయి. అలాంటి చోట చదివే పిల్లలు 'సైన్సంటే పట్నం పిల్లలకు, మనకు బట్టీ పట్టడమే' అనుకుంటే ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యం లేదు గాని, అది నిజం కాదు.

ప్రయోగశాల అక్కరలేదని నేను అనడం లేదు. ప్రతి బడికీ మంచి ప్రయోగశాల ఉండాలి. దానికోసం అడగడం మీ హక్కు. అయితే అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా?

కీటకాలను తెప్పించడానికి ఎవరికీ ఇండెంటు పెట్టనక్కరలేదు. భూమి మీద ఇంతవరకు శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన కీటక జాతులే సుమారు 10 లక్షలు. మిగతా జంతువులన్నీ కలిపినా అన్ని లేవు. వాటిలో కొన్ని మీ బడి ఆవరణలో, ఈ క్షణంలోనే తిరుగుతున్నాయి. కావలసిన సామాను ఇంతే: రెండు ఖాళీ గాజు సీసాలు, పాత దోమతెర ముక్క, దారం, స్కేలు, చీపురుపుల్ల, గడియారం, ఒక నోటు పుస్తకం.

భూతద్దం లేదా? సన్నని రాగి తీగ చివరను పెన్సిలు మొనకు ఒక చుట్టు చుట్టి తీసి, నీళ్లలో ముంచండి. చుట్టులో నీటి బిందువు నిలుస్తుంది. దాన్ని పుస్తకంలోని అక్షరానికి బాగా దగ్గరగా పెట్టి చూడండి. బిందువు ఉబ్బెత్తుగా ఉంటే అక్షరం పెద్దదిగా కనబడుతుంది. లోపలికి కుంగి ఉంటే చిన్నదిగా కనబడుతుంది. కుంభాకార, పుటాకార కటకాల పాఠం మీకు ఒక్క చుక్క నీటితోనే అయిపోయింది.

గుంటలో త్రికోణమితి

సరుగుడు తోటల్లోకి వెళ్లండి. లేదా పూరిపాక చూరు కింద, వాన చినుకు పడని పొడి ఇసుకను చూడండి. గరాటు ఆకారంలో చిన్న చిన్న గుంటలు కనబడతాయి. ఒక్కో గుంట అడుగున ఒక పురుగు ఒళ్లంతా ఇసుకలో దాచుకుని, కొడవళ్లలాంటి దవడలు మాత్రం పైకి పెట్టి కాచుకుని ఉంటుంది. మీ ఊళ్లో దీన్ని ఏమంటారో పెద్దలను అడిగి రాసుకోండి. ఇక్కడ మనం గుంటపురుగు అనుకుందాం.

గుంటపురుగు నిజానికి డింభకం, అంటే పిల్ల దశ. వెనక్కి వెనక్కి నడుస్తూ, తలతో ఇసుకను బయటికి ఎగజిమ్ముతూ గుంట తవ్వుతుంది. గుంట అంచుకు వచ్చిన చీమ జారిపడుతుంది. పైకి ఎక్కబోతే పురుగు కింది నుంచి ఇసుక విసురుతుంది. ఇసుక జారుతుంది, దానితోపాటు చీమా జారుతుంది. కొంతకాలానికి ఈ పురుగు ఇసుక రేణువులను తన పట్టుదారంతో అంటించి గోళీలాంటి గూడు కట్టుకుంటుంది. అందులో ప్యూపాగా మారి, చివరకు తూనీగను పోలిన రెక్కల కీటకంగా బయటికి వస్తుంది. ఇది తూనీగ కాదు. మీసాలు చూస్తే తేడా తెలుస్తుంది. తూనీగ మీసాలు కంటికి ఆననంత పొట్టివి. దీని మీసాలు పొడుగ్గా ఉండి, చివర గదలా లావుగా ఉంటాయి.

ఇంతవరకు జీవశాస్త్రం. ఇక లెక్కల్లోకి వద్దాం. చీమ గోడ మీద నిటారుగా ఎక్కగలదు కదా, ఈ చిన్న గుంట ఎందుకు ఎక్కలేకపోతున్నది?

గుంట వెడల్పును స్కేలుతో కొలవండి. గుంట అడుగుకు చీపురుపుల్ల ఆనించి, అంచు మట్టం దగ్గర గుర్తు పెట్టి, లోతు కొలవండి. ఉదాహరణకు వెడల్పు 4 సెంటీమీటర్లు, లోతు 1.3 సెంటీమీటర్లు అనుకుందాం. అంచు నుంచి నడిమికి దూరం వెడల్పులో సగం, అంటే 2 సెంటీమీటర్లు. లోతును ఈ దూరంతో భాగిస్తే 0.65 వస్తుంది. వాలు కోణానికి టాన్ విలువ 0.65 అన్నమాట. పట్టిక చూస్తే ఆ కోణం సుమారు 33 డిగ్రీలు. టాన్ ఇంకా నేర్చుకోని తరగతులవాళ్లు ఇదే త్రిభుజాన్ని కాగితం మీద పెద్దదిగా గీసి, కోణమానినితో కొలిస్తే సరిపోతుంది.

ఇప్పుడు అదే చోటి పొడి ఇసుకను గుప్పిట్లోంచి సన్నగా ఒకే చోట జారవిడవండి. కుప్ప పెరుగుతుంది, పెరుగుతుంది, ఒక వాలు దాటాక ఇంకా నిటారుగా నిలవకుండా పక్కలకు జారిపోతుంది. ఆ కుప్ప ఎత్తు, అడుగు వెడల్పు కొలిచి అదే లెక్క చెయ్యండి. పొడి ఇసుక కుప్ప వాలు సాధారణంగా 30 నుంచి 35 డిగ్రీల మధ్య నిలుస్తుంది. గుంట వాలూ కుప్ప వాలూ దగ్గర దగ్గరగా వచ్చాయా?

సంగతి అర్థమయింది కదూ! ఇసుక రేణువుల మధ్య ఘర్షణ ఎంత వాలు వరకు వాటిని పట్టి ఉంచగలదో, సరిగ్గా ఆ హద్దులో ఉంది గుంట గోడ. దాని మీద చీమ కాలు మోపితే ఆ కాస్త బరువుకే రేణువులు జారతాయి. మన గోడ జారదు, అందుకే చీమ గోడ ఎక్కగలదు. గుంటపురుగుకు త్రికోణమితి రాదు. కోణాన్ని నిర్ణయించేది ఇసుక. పురుగు చేసేదల్లా అడుగు నుంచి ఇసుకను తీసి పారెయ్యడమే.

సముద్రపు ఒడ్డు గరుకు ఇసుకతో ఒకసారి, చూరు కింది మెత్తని దుమ్ముతో ఒకసారి కుప్ప పోసి కోణాలు పోల్చండి. కాస్త తడిపి కూడా చూడండి. వాన పడిన చోట ఈ పురుగు ఎందుకు గుంట కట్టదో మీకే తెలుస్తుంది.

ఇక ఒక ప్రశ్న. ఆకలిగా ఉన్న పురుగు పెద్ద గుంట తవ్వుతుందా? ఒకే పరిమాణం ఉన్న ఆరు పురుగులను తెచ్చి, ఒకే రకం ఇసుక పోసిన ఆరు మూకుళ్లలో వదలండి. అన్నీ ఒకే నీడలో ఉంచండి. మూడింటికి రోజూ ఒక చీమను వెయ్యండి, మూడింటికి వెయ్యకండి. ఐదో రోజున గుంటలు కొలవండి. మూకుడు, ఇసుక, నీడ, పురుగు పరిమాణం అన్నీ సమానంగా ఉంచి, తిండి ఒక్కటే మార్చాం. అందుకని గుంటల్లో తేడా వస్తే దానికి కారణం తిండేనని అనుమానించవచ్చు. శాస్త్రజ్ఞులు లక్షల రూపాయల పరికరాలతో చేసే ప్రయోగాల్లో కూడా పద్ధతి ఇదే. జవాబు ఇక్కడ అచ్చువెయ్యడం లేదు. మీరే కొలిచి తెలుసుకోండి.

చీమల బాట, నెల్లూరు డాక్టరు

చీమలు బారులు తీరి పోతున్న చోట, వాటి దారికి అడ్డంగా ఒక చదరపు కాగితం పరవండి. కాసేపు తికమకపడి, మెల్లగా కాగితం మీదుగానే కొత్త బాట ఏర్పరుచుకుంటాయి. పదిహేను నిమిషాలు ఆగండి. బాట బాగా కుదిరాక, చీమలు తక్కువగా ఉన్న క్షణంలో కాగితాన్ని అక్కడే పావు వంతు తిప్పండి. ఏం జరిగింది? కాగితం అంచుకు వచ్చిన చీమలు ఆగి, మీసాలు ఆడిస్తూ అటూ ఇటూ వెదుకుతాయి.

నేల మారలేదు, వెలుతురు మారలేదు, తిండి ఉన్న చోటు మారలేదు. మారింది కాగితం మీద ఉన్న 'ఏదో'. కంటికి కనబడని ఆ ఏదో, చీమ పొట్ట చివరి నుంచి నేలకు రాసే వాసన పదార్థం. ఒక జాతి జీవులు తమ జాతివాళ్లకు కబురు చెప్పడానికి విడిచే ఇలాంటి రసాయనాలను ఫెరొమోన్లు అంటారు. అయితే తొందరపడి తీర్మానించకండి. కాగితం కదిలినందుకే చీమలు బెదిరి ఉండవచ్చు కదా? అందుకని ఇంకో చోట కాగితాన్ని ఎత్తి, తిప్పకుండా మళ్లీ ఉన్నట్టే పెట్టి చూడండి. రెండింటినీ పోల్చాకే మాట చెప్పండి.

ఇంకొక పని. ఒక అరిటాకు ముక్క మీద సమాన దూరంలో చిటికెడు చిటికెడు పంచదార, బెల్లం పొడి, బియ్యప్పిండి, ఉప్పు, ఎండుచేప తునక పెట్టండి. ఐదేసి నిమిషాలకు ఒకసారి ఒక్కో దాని దగ్గర ఎన్ని చీమలున్నాయో లెక్కపెట్టి పట్టిక రాయండి. అరగంటలో మీకు ఒక గ్రాఫు గీయడానికి సరిపడా అంకెలు వస్తాయి. నల్ల చీమల పట్టిక, ఎర్ర చీమల పట్టిక ఒకటేనా? పొద్దుటి పట్టిక, సాయంత్రం పట్టిక ఒకటేనా?

మన నెల్లూరులోనే ఇలా జీవులను శ్రద్ధగా గమనించిన మనిషి ఒకరున్నారు. ఆయన పేరు థామస్ కావర్‌హిల్ జెర్డన్. 1840 దశకంలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. వృత్తి వైద్యం. తీరిక దొరికితే పక్షులు, పాములు, చీమలు. కలివికోడిని శాస్త్రలోకానికి తెలియజేసింది ఈయనే. దక్షిణ భారతదేశపు చీమల మీద 1851 లో ఒక జాబితా ప్రకటించాడు. గింజలు మోసుకుపోయి కూడబెట్టే చీమలను గురించీ, ఎగిరి దూకే ఒక చీమను గురించీ అందులో రాశాడు. ఆ దూకే చీమను శాస్త్రజ్ఞులు హార్పెగ్నాథస్ సాల్టేటర్ అంటారు.

ఆ చీమ కథ అంతటితో ఆగలేదు. 2010 లో దాని జన్యువుల సమాచారం మొత్తాన్ని చదివారు. చీమల్లో అలా మొదట చదివిన రెండు జాతుల్లో ఇదొకటి. రాణి చనిపోతే ఈ జాతిలో కూలిచీమలే గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. అలా మారిన చీమ మెదడు సుమారు ఐదో వంతు కుంచించుకుపోతుందనీ, దాన్ని మళ్లీ కూలిచీమగా మారేట్టు చేస్తే మెదడు తిరిగి పెరుగుతుందనీ 2021 లో కనుక్కున్నారు. ఈ పరిశోధనలన్నిటికీ వెనక ఒక మనిషి ఒంగి నేలను చూసిన చూపు ఉంది.

ఇంకొక సంగతి మరవకూడదు. నెల్లూరులో ఉండగా జెర్డన్ జీవుల సంగతులు యానాదుల నుంచి తెలుసుకునేవాడు. పుట్ట చూసి ఏ పురుగు ఉందో, ఏ వానకు ఉసిళ్లు లేస్తాయో చెప్పగలిగిన ప్రజలు వాళ్లు. పుస్తకాల్లో జెర్డన్ పేరు నిలిచింది, ఆయనకు జాడలు చూపించినవాళ్ల పేర్లు నిలవలేదు. మీ ఊళ్లో అలాంటి పెద్దలుంటే వెళ్లి అడగండి. వాళ్లు చెప్పింది రాసుకున్నప్పుడు ఆ మాట ఎవరు చెప్పారో కూడా రాయండి. అది శాస్త్ర పద్ధతి, మర్యాద కూడా.

సీసాలో దోమ

ఈ పాఠం అందరికన్నా మీ అమ్మానాన్నలకు ఎక్కువ పనికొస్తుంది.

వాన వెలిశాక కొబ్బరి చిప్పల్లో, పగిలిన కుండల్లో, పాత టైర్లలో, బోర్లించకుండా వదిలేసిన డబ్బాల్లో నిలిచిన నీళ్లు చూడండి. మెలికలు తిరుగుతూ కిందికీ పైకీ ఈదే సన్నని పురుగులు కనబడతాయా? అవి దోమ డింభకాలు. ఆ నీళ్లతో సహా గాజు సీసాలో పోసి, మూతికి దోమతెర ముక్క చుట్టి దారంతో గట్టిగా కట్టండి. తెర బిగువుగా ఉండడం ముఖ్యం. రోజూ ఒకే వేళకు చూసి రాయండి. కొన్నాళ్లకు డింభకం కామా గుర్తులా వంగిన ప్యూపాగా మారుతుంది. ప్యూపా ఏమీ తినదు గాని ఈదగలదు. తరవాత వీపు పగిలి దోమ బయటికి వచ్చి, తాను విడిచిన తొడుగు మీదే కాసేపు నిలబడుతుంది. పాఠంలో చదివిన రూపవిక్రియ ఇదే.

డింభకాలు ఊపిరి కోసం నీటి మట్టానికి వస్తాయి. అప్పుడు ఎలా ఉంటాయో చూడండి. తల కిందికి వేలాడేసి, తోక దగ్గరి గొట్టాన్ని పైకి పెట్టి ఏటవాలుగా ఉంటే క్యూలెక్స్ లేదా ఏడిస్ జాతి. నీటి మట్టానికి సమాంతరంగా పడుకున్నట్టు ఉంటే అనాఫిలిస్, మలేరియా వ్యాపింపజేసే జాతి. ఈ తేడా చూడటానికి మీ కళ్లు చాలు.

ఇప్పుడు రెండు సీసాల్లో సమానంగా డింభకాలు వేసి, ఒకదానిలో మాత్రం రెండు చుక్కల కొబ్బరినూనె వెయ్యండి. నూనె నీటి మీద పొరలా పరుచుకుంటుంది. డింభకం గొట్టం గాలిని అందుకోవడం కష్టమవుతుంది, తలతన్యత తగ్గి మట్టాన్ని పట్టుకుని వేలాడటమూ కష్టమవుతుంది. ఎంతసేపటికి ఏ సీసాలో ఏం జరిగిందో గడియారం చూసి రాయండి. తలతన్యత మీద పరీక్షలో వచ్చే ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు లేదు.

మన వేడికి గుడ్డు నుంచి దోమ కావడానికి సుమారు 8 నుంచి 10 రోజులు పడుతుంది. మీ సీసాలో ఎన్ని రోజులు పట్టిందో చూడండి. వారానికి ఒకరోజు నీళ్ల తొట్లు, డబ్బాలు ఖాళీ చేసి ఆరబెట్టమని ఆరోగ్య కార్యకర్తలు ఎందుకు చెబుతారో అప్పుడు తెలుస్తుంది. వారం అన్నది ఎవరో ఊరికే పెట్టిన గడువు కాదు. దోమ రెక్కలు తొడుక్కునే లోపల నీళ్లు పారబోయాలి, అదీ లెక్క.

మీ తరగతి జట్లుగా విడిపోయి వీధిలో 40 ఇళ్లు చూసిందనుకుందాం. 6 ఇళ్లలో డింభకాలు దొరికాయి. 6 ని 40 తో భాగించి 100 తో హెచ్చిస్తే 15. ఆరోగ్యశాఖవాళ్లు దీన్ని ఇళ్ల సూచిక అంటారు. నెల తరవాత మళ్లీ చూడండి. సూచిక 15 నుంచి 5 కు దిగిందంటే మీ వీధిలో డెంగీ భయం తగ్గించడంలో మీకు పాలు ఉన్నట్టే. ఇళ్లకు వెళ్లేటప్పుడు పెద్దల అనుమతి తప్పక అడగండి. ఎవరి ఇంట్లో దొరికాయో బయట చెప్పకండి, ఆ ఇంటివాళ్లకే చూపించండి.

దోమను పెంచి చూడటం చిన్న పిల్లల ఆట అనుకోకండి. 1897 లో సికింద్రాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు చేసింది మొదట ఇదే. మలేరియా దోమ వల్ల వస్తుందా అని 1895 నుంచి వెదుకుతున్నాడు. డింభకాలను సీసాల్లో పెంచి, ఏ మనిషినీ కుట్టని దోమలను తయారుచేసి, వాటిచేత హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టించాడు. కుట్టిన ఒక్కో దోమకు ఆ రోగికి ఒక అణా ఇచ్చాడు. దోమలు గాలికి కొట్టుకుపోతాయని ఆగస్టు ఎండ ఉక్కలో పంకా కూడా వేసుకోలేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. 1897 ఆగస్టు 20 న ఒక దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902 లో నోబెల్ బహుమతి వచ్చింది.

చివరి మెట్టుకు ఆయనకు సూక్ష్మదర్శిని కావలసి వచ్చింది, అది లేకుండా పరాన్నజీవి కనబడదు. కాని దానికి ముందున్న మెట్లన్నీ, అంటే డింభకాలను గుర్తించడం, వేరుచేసి పెంచడం, రోజు రోజూ రాయడం, మీరు ఈ వారమే ఎక్కగలిగినవి.

తేదీలు రాసుకున్న మనిషి

మన తీరానికి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. వానల రోజుల్లో తూనీగలు గుంపులు గుంపులుగా తిరగడం చూసే ఉంటారు. వాటిలో పసుపు, నారింజ రంగు కలిసిన ఒక జాతి సముద్రాలు దాటే బాటసారి. చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రజ్ఞుడు మాల్దీవుల్లో ఉంటూ, ఏటా తూనీగలు ఏ తేదీన దిగాయో డైరీలో రాసుకున్నాడు. ఆ దీవుల్లో తూనీగలు పెరగడానికి తగినంత మంచినీరు లేదు. మరి లక్షల తూనీగలు ఎక్కడినుంచి వచ్చాయి? తేదీలను గాలుల దిశతో పోల్చి చూసి, అవి భారతదేశం వైపు నుంచి గాలివాటున హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికాకు పోతున్నాయని 2009 లో ప్రకటించాడు. ఆయన మొదటి పరికరం ఒక డైరీ.

మీరూ మొదలుపెట్టండి. ఈ ఏడు మీ ఊళ్లో తూనీగల గుంపు మొదట కనబడిన తేదీ, ఆ రోజు గాలి ఎటునుంచి వీచింది, వాన పడిందా లేదా రాయండి. మీరు పదో తరగతి దాటి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం కింది తరగతికి అప్పగించండి. పదేళ్ల తేదీలు పోగైతే, అలాంటి పుస్తకం ఉన్న బడి చాలా అరుదైనదవుతుంది.

బడిలో పుట్టిన పరిశోధనలు

అమెరికాలో సెయింట్ లూయీ పట్టణంలో చార్లెస్ హెన్రీ టర్నర్ అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు. నల్లజాతివాడు. 1907 లో షికాగో విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందాడు. అయినా ఆయన 1908 నుంచి 1922 దాకా పనిచేసింది నల్లజాతి పిల్లల సమ్నర్ హైస్కూలులో. పరిశోధనకు ప్రయోగశాల లేదు. రంగు కాగితపు పొట్లాల్లో, అట్టపెట్టెల్లో తేనె పెట్టి పార్కులో అమర్చి, తేనెటీగలు రంగును గుర్తుపెట్టుకుంటాయని చూపించాడు. కీటకాలు శబ్దాలు వినగలవని కూడా ప్రయోగాలతో రుజువు చేశాడు.

మన దేశంలో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గదగ్‌కర్ దశాబ్దాలుగా ఒక జాతి కందిరీగలను పరిశీలించారు. ఏ కందిరీగ ఏ పని చేస్తున్నదో తెలియాలంటే వాటిని గుర్తుపట్టాలి కదా! ఒక్కో దాని ఒంటిమీద రంగు చుక్క పెట్టి గుర్తుపట్టారు. అతి తక్కువ ఖర్చుతో ఎంత గొప్ప పరిశోధన చెయ్యవచ్చో చెబుతూ 2021 లో ఒక పుస్తకమే రాశారు. కందిరీగల గూడు జోలికి మాత్రం మీరు పోవద్దు. ఆ పని శిక్షణ పొందినవాళ్లది. మీరు చీమలతో మొదలుపెట్టండి.

పాటించవలసిన నియమాలు

1. చూడటం అయ్యాక జీవిని తెచ్చిన చోటే వదలండి. తూనీగ తోకకు దారం కట్టి ఎగరేసే ఆట మానండి. దోమ సీసాకు మాత్రం ఈ నియమం లేదు. పని అయిపోగానే ఆ నీళ్లను ఎండలో పొడి ఇసుక మీద పారబోయండి. లోపల దోమలు లేచి ఉంటే, తెర విప్పకుండా సీసాను రెండు రోజులు మండుటెండలో ఉంచి, తరవాత పారబోయండి.

2. రాళ్లు, కట్టెలు తిరగెయ్యడానికి చేతులు వాడకండి. కింద తేలు ఉండవచ్చు. పుల్లతో, మీ వైపు కాకుండా అవతలికి తెరుచుకునేట్టు ఎత్తండి.

3. ప్రతి పరిశీలనకూ తేదీ, వేళ, చోటు రాయండి. అవి లేని పరిశీలన తరవాత ఎవరికీ పనికిరాదు.

4. చూసింది వేరు, అనుకున్నది వేరు. పేజీని రెండుగా మడిచి ఎడమవైపు చూసింది, కుడివైపు అనుకున్నది రాయండి. 'చీమ ఆగి మీసాలు ఆడించింది' ఎడమవైపు. 'చీమ దారి తప్పింది' కుడివైపు.

5. పుస్తకంలో ఉన్నట్టు ఫలితం రాకపోతే కొట్టివెయ్యకండి. వచ్చిన అంకెనే రాసి, మళ్లీ చెయ్యండి. మూడుసార్లు చేసినా అలాగే వస్తే మీ సైన్సు మాస్టారికి చూపించండి. ఆయనకూ వెంటనే జవాబు తెలియకపోవచ్చు. అప్పుడు ఇద్దరూ కలిసి వెదకండి.

ఈ నెల చెయ్యవలసిన పని

అ) మీ ఊరి మూడు చోట్ల ఇసుకతో కుప్పలు పోసి కోణాలు కొలవండి. ఏ ఇసుకలో గుంటపురుగులు ఎక్కువగా ఉన్నాయో పోల్చండి.

ఆ) చీమలు గుర్తుపెట్టిన బాటను వేలితో అడ్డంగా రుద్దితే, తిరిగి కుదురుకోవడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది? ఎండలోను, నీడలోను కొలిచి చూడండి.

ఇ) సాలెపురుగు కీటకమా, కాదా? పుస్తకం తెరవకుండా, సాలెపురుగును చూసి, కాళ్లు, శరీర భాగాలు లెక్కపెట్టి మీరే తేల్చండి.

ఈ) మీ ఇంట్లో దోమ డింభకాలు దొరికిన పాత్ర ఏది? ఈ శుక్రవారం దాన్ని ఖాళీ చేసి, బాగా తోమి, ఆరబెట్టి బోర్లించండి. తరవాతి శుక్రవారం మళ్లీ చూడండి.